మధ్యగతం

వార్షిక నివేదికలో ఒక గడి నింపాలి.
పెద్దాయన జీతం మా జీతాల మధ్యగతానికి ఎన్ని రెట్లో
చట్టం అడుగుతుంది.
ఏటా మే నెలలో ఆ లెక్క నాది.

నాయుడుపేట బళ్ళో పెంచలయ్య మాస్టారు
మమ్మల్ని ఎత్తుల వారీగా ఎండలో నిలబెట్టి
నడుమనున్న పిల్లని ఒక అడుగు ముందుకు రమ్మన్నాడు.
"సగటును ఒక్క తాటిచెట్టు తప్పుదారి పట్టిస్తుందమ్మా,
మధ్యగతం దాన్ని పట్టించుకోదు."
ఆ పిల్ల సిగ్గుపడి మళ్ళీ వరసలోకి దూరింది.

పెరుంగుడిలో, ఏసీ చలికి శాలువా కప్పుకొని,
నాలుగువేల మూడువందల పదిహేడు మందిని
జీతాల వారీగా నిలబెట్టాను.
నడిమి వరస రెండువేల నూటయాభై తొమ్మిది.
ఎప్పుడూ అంకె మాత్రమే తీసుకునేదాన్ని.
ఈసారి వేలు జారి పక్క గడి కూడా కనబడింది:
మంగైయర్క
అంతే. మంగైయర్కరసి అన్న పేరుకి
మా సాఫ్ట్‌వేరు ఇచ్చే చోటు అంతే.

ఏడాదికి ఆరు లక్షల నలభై రెండు వేలు.
పెద్దాయనకి ఇరవై నాలుగు కోట్ల తొంభై లక్షలు.
ఒకటికి మూడువందల ఎనభై ఎనిమిది.
ఆయన ఒక్క ఏటి సంపాదన ఆమె చేతికి రావాలంటే
ఈ ఊరికి చెన్నపట్నమని పేరు పడకముందే,
ఇసుక మీద కోటగోడ లేవకముందే
ఉద్యోగంలో చేరి ఉండాలి,
జీతనష్టం మీద ఒక్క సెలవూ పెట్టకుండా.
"బాధ్యతలకు తగిన వేతనం" అని రాసి పైకి పంపాను.
ఆ వాక్యం పోయినేడు రాసిందే.

రెండో అంతస్తులో నాకేం పని లేదు.
వెళ్ళాను.
కిటికీ అవతల పళ్ళికరణై చిత్తడి,
దాని వెనక చెత్తకుప్ప పొగ.
మానిటరుకి ఆనించిన విభూతి పొట్లం,
కీబోర్డు కింద షేర్ ఆటో చిల్లర.
నన్ను చూసి లేచి నిలబడింది.
ఇన్సూరెన్సు మేడమ్ అనుకుంది.
తప్పేం కాదు, అదీ నేనే.

ఫైలు తీసింది. పిత్తాశయంలో రాళ్ళు, ఫిబ్రవరిలో ఆపరేషన్,
బిల్లు లక్షా ఎనభై ఆరు వేలు.
ఆమె గ్రేడుకి గది రోజుకి నాలుగువేలు దాటకూడదు.
ఆ రాత్రి ఖాళీగా ఉన్నది ఐదున్నరవేల గది ఒక్కటే.
గది దాటితే అన్నీ దాటినట్టే.
డాక్టరు చెయ్యి, మత్తు, థియేటరు దీపం,
అన్నిటికీ అదే పాళ్ళలో కోత.
గ్లవ్సు, దూది, నర్సు తల మీది టోపీ:
వర్తించవు.
మొత్తం నలభై ఏడు వేల చిల్లర.

పెద్దాయన కాగితం నేనే తయారుచేస్తాను.
గది అద్దెకి ఎదురుగా, పరిమితి అన్న చోట
చిన్న అడ్డగీత ఉంటుంది.

"అది సర్దుకున్నాం మేడమ్" అంది,
అత్తగారింటి తెలుగులో, తమిళం కలిపి.
అడగాలనుకున్నది వేరే.
"మూడేళ్ళ మెచ్చుకోలు పాయింట్లు, పదకొండు వందలున్నాయి.
మిక్సీకని దాచుకున్నా.
మిక్సీని జాబితాలోంచి తీసేశారు,
ఇప్పుడు టోపీలూ సీసాలే ఉన్నాయి.
ఆ పాయింట్లు ఆస్పత్రి బాకీలో కట్టుకోవచ్చా?"
ఆగి, నవ్వి,
"పోనీ, గ్లవ్సుకైనా."

కనుక్కొని చెప్తానన్నాను.
కనుక్కునేందుకేం లేదు, ఆ నియమం రాసింది నేను.
లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కాను.
మా అందరి నడుమన నిలబడింది నువ్వేనని
చెప్పనేలేదు.
చెప్తే మాత్రం ఏం చేసుకుంటుంది?

నివేదిక అచ్చయింది. మెరిసే కాగితం, నూట నలభయ్యో పేజీ.
ఈలోగా ముగ్గురు మానేశారు, ఒకరు చేరారు.
నడుమ ఇంకెవరికో జరిగిపోయింది.

నిన్న ఉదయం తొమ్మిదింటికి
నేను రాయని ఉత్తరం నా పేరు మీద అందరికీ వెళ్ళింది:
మీ పాయింట్ల గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది.
నాలుగువేల మందిలో జవాబు ఒక్కటే వచ్చింది.

"థాంక్యూ మేడమ్. ఒక స్టీలు సీసా తీసుకున్నాను."